స్ట్రాంగ్‌ఫర్డ్: పేరులోనే ప్రవాహం

పోయిన వేసవి సెలవుల్లో పిల్లలతో ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రాంగ్‌ఫర్డ్ లాక్ చూసొచ్చాం. వైకింగులు పెట్టిన ఈ పేరుకు 'ఉధృతమైన సముద్రపాయ' అని అర్థం. పోటునీరంతా సుమారు 8 కిలోమీటర్ల పొడవున్న ఇరుకు దారిలోంచే లోపలికొచ్చి, ఆటుకు అలాగే తిరిగిపోవాలి. పోర్టాఫెర్రీ నుంచి అవతలి ఒడ్డుకు పట్టుమని పది నిమిషాల ఫెర్రీ ప్రయాణం. కింద నీళ్ళు సుడులు తిరుగుతుంటాయి.

"కరెంటు తీయడానికి ఇక్కడే ఎందుకొచ్చారు నాన్నా?" అంది మా అమ్మాయి. నీటి వేగం రెట్టింపైతే అందులోని శక్తి 8 రెట్లవుతుంది. అందుకే ఇంజనీర్లు పోటు ఎత్తు ఒక్కటే చూడరు. వేగం, లోతు, అడుగునేల అన్నీ కొలుస్తారు. 2008లో ఇక్కడ అమర్చిన 1.2 మెగావాట్ల 'సీజెన్' టర్బైనును సీల్స్ దగ్గరికొస్తే ఆపేసేవారు. 2019లో దాన్ని తొలగించడం పూర్తయింది. పాయను అంచనా వేయడమంటే అందులో బతికే ప్రాణులనూ లెక్కలోకి తీసుకోవడమేనని పిల్లలకు బాగా అర్థమైంది.

మీరూ వెళితే ఆటుపోట్ల వేళలు చూసుకుని బయల్దేరండి. నీరు నిలకడగా ఉన్నప్పుడు అసలు సంగతి కనపడదు!