కురుపాం దాకా ఒక సిఫారసు

విశాఖపట్నంలో కురుపాం మార్కెట్టు తెలియనివారు అరుదు. ఆ కురుపాం ఎక్కడున్నదని అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. ఇన్నేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్న నేనూ మొన్నటి దసరా సెలవులదాకా ఆ చాలామందిలో ఒకణ్ణే. అప్పుడయినా ఊరు చూసే సరదాతో వెళ్ళలేదు. ఒక ఉత్తరానికి జవాబు రాయలేక వెళ్ళాను.

ఆ ఉత్తరం ఒక ప్రయివేటు కాలేజీవారిది. ఫలానా ఆయన తమ దగ్గర బాస్కెట్‌బాల్ కోచ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నారట. ఆయన నడవడి తెలిసినవారిలో నా పేరు ఇచ్చారట. నా అభిప్రాయం గోప్యంగా తెలపాలట. ఆ సాయంత్రమే కోచ్‌గారు ఫోను చేశారు.

"మాస్టారూ, మంచిగా రెండు ముక్కలు రాసి పడెయ్యండి చాలు. మీకు భాష ఉంది."

భాష ఉంది. వచ్చిన చిక్కల్లా అదే. లోగడ ఒకసారి ఆయన గురించి ఆ రెండు ముక్కలూ రాసింది నేనే.

ఏడేళ్ళ కిందటి మాట. మా కాలేజీ పేరు, ఊరు చెప్పను. అంతర్ కళాశాలల పోటీలో కప్పు గెలవాలని మావాళ్ళకు పట్టుదల పుట్టింది. కోచ్‌గారు ఏజెన్సీ హాస్టళ్ళన్నీ తిరిగి, కురుపాం కొండలనుంచి ఒక జాతాపు కుర్రవాణ్ణి తెచ్చారు. మరీ పొడుగరి కాదు గాని, ఎగిరితే రింగు అందుకునేవాడు. చదువు ఉచితం, భోజనం ఉచితం, బూట్లు ఉచితం, తరువాత పోలీసు ఉద్యోగం ఖాయం అన్నారు. ఇంటర్మీడియట్‌లో ఒక సబ్జెక్టు మిగిలి ఉంది. "అదెంతలో పాసవుతాడు!" అన్నారు. ప్రవేశాల కమిటీలో నేనున్నాను. మార్కుల జాబితా లేని ఆ దరఖాస్తు నా ముందుకు వచ్చింది. చూశాను. సంతకం చేశాను.

కప్పు వచ్చింది. మరుసటి ఏడు ఓడిపోయిన కాలేజీవారు ఫిర్యాదు చేశారు. విచారణ జరిగింది, కప్పు వెనక్కి పోయింది. కుర్రవాడి పేరు కొట్టివేశారు. సాయంత్రం హాస్టలు ఖాళీ చెయ్యమన్నారు. రాత్రి బస్సుకు వెళ్ళిపోయాడట. ఆ రాత్రి నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

కోచ్‌గారు "స్వంత కారణాల వలన" రాజీనామా చేశారు. వెళ్ళేముందు ఆయనకొక యోగ్యతాపత్రం కావలసివచ్చింది. ప్రిన్సిపాల్‌గారు నాకు పురమాయించారు. "క్రీడాకారులను గుర్తించడంలో అసాధారణమైన దృష్టి గలవారు" అని రాసినట్లు జ్ఞాపకం. అబద్ధమూ కాదు. మూడు నెలలు తిరగకుండా ఆయనకు మరో కాలేజీలో, ఇంకా మంచి జీతం మీద, ఉద్యోగం దొరికింది. ఇప్పుడు మూడోది కావాలట.

అందుకని సంచీ సర్దుకుని రైలెక్కాను.

విజయనగరంలో బండి ఆగగానే విజ్జీ గుర్తుకు వచ్చాడు. ఈ సంస్థానపు రాజకుమారుడు విజయానంద గజపతిరాజు. క్రికెట్టు పిచ్చి. 1930–31లో ఇంగ్లండునుంచి హాబ్స్‌నూ సట్‌క్లిఫ్‌నూ రప్పించి తన జట్టులో ఆడించుకున్నాడు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు నాయకుడయ్యాడు. అంతకు నాలుగేళ్ళ కిందటే ఆ పదవి నిర్వహించిన మన సి.కె. నాయుడుగారు ఆయన కింద ఆడవలసి వచ్చింది. మూడు టెస్టులలో నాయకుడి పరుగులు 33. మొదటి టెస్టు కాకుండానే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపేశారు. 1937లో బోమాంట్ కమిటీ అమర్‌నాథ్ నిర్దోషి అన్నది. విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. అయితేనేం? 1954లో విజ్జీ క్రికెట్టు బోర్డు అధ్యక్షుడు, 1958లో పద్మభూషణ్, 1960లో విశాఖపట్నంనుంచి లోక్‌సభ సభ్యుడు, పైగా రేడియోలో వ్యాఖ్యాత! అమర్‌నాథ్ మహా ఆటగాడు గనుక నిలదొక్కుకుని స్వతంత్ర భారత జట్టుకు తొలి నాయకుడయ్యాడు. అంతటివాడు కాని కుర్రవాడి సంగతేమిటి?

పార్వతీపురంలో దిగి కురుపాం బస్సెక్కాను. ఇది 1979దాకా శ్రీకాకుళం జిల్లా, తరువాత విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. కొండలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. తోటపల్లి బ్యారేజీ కట్టిన నాగావళి దాటితే గాలి మారుతుంది. ఈ చుట్టుపక్కలదే వీరఘట్టం, కలియుగ భీముడు కోడి రామ్మూర్తినాయుడుగారి ఊరు. ఆయనా విజయనగరంలో డ్రిల్లు మాస్టారే. ఆ ఉద్యోగం వదిలి సర్కసు పెట్టి దేశం తిరిగాడు. ఉద్యోగం మారడం తప్పేమీ కాదు సుమండీ!

ఫోనులో కోచ్‌గారు అన్న మరో మాట బస్సులో నన్ను వేధించింది. "అమెరికాలో పెద్దపెద్దవాళ్ళే ఇలాంటివాటిలో చిక్కుకున్నారు మాస్టారూ. అందరూ తిరిగి వచ్చారు. నేనెంత?"

నిజమే. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే కోట్ల డాలర్ల వ్యవహారం. హైస్కూలు కుర్రవాళ్ళను తమ కాలేజీకి లాక్కోవడంలో కోచ్‌ల మధ్య పోటీ. ఎన్నిసార్లు ఫోను చెయ్యవచ్చునో, ఎప్పుడు కలవవచ్చునో కూడా నిబంధనలుంటాయి. కెల్విన్ శాంప్సన్ హద్దుమీరి ఫోన్లు చేశాడని 2008లో ఇండియానా విశ్వవిద్యాలయం వదలవలసి వచ్చింది; వెళ్ళేటప్పుడు ఏడున్నర లక్షల డాలర్లు చేతిలో పెట్టారు. అయిదేళ్ళపాటు ఆయనను ఏ కాలేజీ తీసుకున్నా సంజాయిషీ చెప్పుకోవాలన్నారు. ఆ అయిదేళ్ళూ వృత్తి జట్లలో పనిచేసి, 2014లో హ్యూస్టన్‌కు వచ్చి, 2021లో ఆ జట్టును చివరి నలుగురిలో నిలబెట్టాడు. బ్రూస్ పెర్ల్ ఇంటికి కుర్రవాళ్ళను విందుకు పిలిచి, విచారణలో అబద్ధమాడాడని 2011లో టెన్నెసీవారు తీసేశారు. కొంతకాలం టోకు కిరాణా కంపెనీలో పనిచేసి, 2014లో ఆబర్న్‌లో మళ్ళీ కోచ్ అయ్యాడు. రిక్ పిటినోను 2017లో లూయీవిల్ తొలగించింది. గ్రీసు వెళ్ళి, 2020లో అమెరికాకు తిరిగి వచ్చాడు. 2022లో విచారణ సంఘం ఆయనకు శిక్ష వెయ్యలేదన్నదీ చెప్పాలి.

ఇవన్నీ కోచ్‌గారికి కంఠతా వచ్చు. ఆయన చెప్పని పేరు ఒకటుంది: బ్రయన్ బోవెన్. ఆ 2017 గొడవ వచ్చింది అతగాడి తండ్రికి లక్ష డాలర్లు ముట్టజెప్పే ఏర్పాటు గురించే. ఆ కుర్రవాడు ఒక్క కాలేజీ మ్యాచి కూడా ఆడలేకపోయాడు. ఆడడానికి ఆస్ట్రేలియా పోవలసి వచ్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2021 జూలైనుంచి, కాలేజీ ఆటగాళ్ళు తమ పేరుమీద సంపాదించుకోవచ్చునన్నారు. 2025నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇస్తున్నాయి!

కురుపాంలో దిగేసరికి సంత. చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు. వైరిచర్ల జమీందారుల ఊరు ఇది. టీ దుకాణంలో కుర్రవాడి గ్రామం పేరు చెప్పి అడిగాను.

"బంతాట కుర్రోడా? ఆటో తోల్తాడు బాబూ. అదుగో."

ఆటో దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. అతను ఒక్క క్షణం చూసి దిగిపోయాడు.

"మేస్టారూ! మీరేటి ఇలగొచ్చేరు?"

గుమ్మలక్ష్మీపురం రోడ్డుమీద కొంతదూరం పోయి, పక్కదారి పట్టాం. ఇరువైపులా జీడితోటలు. ఒరిస్సా వైపునుంచి వచ్చిన ఏనుగుల మంద కొన్నేళ్ళుగా ఈ ప్రాంతం వదలడం లేదనీ, చీకటి పడితే ఎవరూ కదలరనీ చెప్పాడు. ఇంటిదగ్గర వాళ్ళమ్మ చోడి అంబలి ఇచ్చింది. కొడుకు చదువుకున్న చోటునుంచి వచ్చిన పంతులుగారినని నాకు మంచం వేసి, తాను కింద కూర్చుంది. అంబలి గొంతు దిగడం కష్టమయింది. రుచి వల్ల కాదు.

కాసేపటికి కుర్రవాడు అడిగాడు: "మేస్టారూ, నా టెన్తు సర్టిఫికెట్టు ఉందా, పోయిందా?"

నాకు అర్థం కాలేదు. చేరేటప్పుడు అసలు సర్టిఫికెట్టు తీసుకున్నారు. పంపించేసినప్పుడు ఇవ్వలేదు. అడిగితే ఫీజు బకాయి ఉన్నదన్నారు. ఆడినంతకాలం ఉచితం, పేరు కొట్టెయ్యగానే బకాయి! నకలు ఇమ్మని అర్జీ పెట్టుకోబోతే, పోయినవాటికే నకలు, మీది పోలేదు, కాలేజీలో ఉన్నది గదా అన్నారట. కానిస్టేబులు ఉద్యోగాలకు రెండుసార్లు ప్రకటన వచ్చింది. రెండుసార్లూ వయసుంది, ఒళ్ళుంది, కాగితం లేదు.

"కోచ్‌గారి మీద కోపం లేదా?" అన్నాను.

"ఆడినన్నాళ్లూ బాగుండేదండి," అన్నాడు. కొంచెం ఆగి, "పోయిన వారం కూడా ఫోన్ చేసేరు. కొత్త కాలేజీకెళ్తన్నారట. మన కొండల్లో మంచి కుర్రోళ్ళుంటే చెప్పమన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఇద్దరున్నారండి. నాకన్నా బాగా ఆడతారు. తిండికీ, సదువుకీ దారి దొరుకుద్దేమో. చెప్పమంటారా, మేస్టారూ?"

పాతికేళ్ళు నిండని మనిషి నన్ను అడిగిన ప్రశ్న ఇది. వద్దంటే ఆ ఇద్దరి దారి మూసినవాణ్ణవుతాను. సరేనంటే మరో రెండు సంతకాలు చేసినట్టే.

"ముందు ఇంటరు పూర్తి చెయ్యమను," అన్నాను చివరికి. "ఇస్తామన్నవన్నీ కాలేజీ ముద్రతో కాగితం మీద రాయించుకోమను. అసలు సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోమను. నకళ్ళే ఇమ్మను. దానికి ఒప్పుకోనివాడు దేవుడయినా వెంట వెళ్ళవద్దను."

చీకటి పడకముందే నన్ను బస్సెక్కించాడు. ఆటో బాడుగ తీసుకోలేదు.

సెలవులయిన మొదటిరోజునే మా ఆఫీసు బీరువా తీయించాను. ఫైలు అడుగున దొరికింది. బకాయి సంగతి గుమాస్తా ఎత్తాడు. వాదించవచ్చును, రెండు నెలలు పడుతుంది. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు విషయం చెప్పాను. సంక్రాంతికి కొందామనుకున్న గొలుసు తాలూకు డబ్బు మాట్లాడకుండా తెచ్చి ఇచ్చింది. రసీదు నా పేర తీసుకున్నాను.

ఆ రాత్రి జవాబు రాశాను. విశేషణాలు లేవు. ఫలానా సంవత్సరం ఫలానాది జరిగింది. దానిమీద కోచ్‌గారి చేయి ఇంత. ప్రవేశపత్రం మీద సంతకం నాది. పాత యోగ్యతాపత్రం రాసినదీ నేనే. ఆయనకు ఆట క్షుణ్ణంగా తెలుసునని కూడా రాశాను, ఎందుకంటే తెలుసు. ఉద్యోగం ఇవ్వవద్దని రాయలేదు. ఇచ్చేముందు ఆయనను ఒక్కమాట అడగండన్నాను: మీరు తెచ్చే పిల్లల అసలు సర్టిఫికెట్లు ఎవరి బీరువాలో ఉంటాయి?

ఆ ఉత్తరాన్ని పోస్టులో వేశాను. సర్టిఫికెట్టును మాత్రం వెయ్యలేదు. మరుసటి ఆదివారం చేతపట్టుకుని మళ్ళీ కురుపాం వెళ్ళాను. ఈసారి తీరికగా ఊరు కూడా చూశాను.