టర్బో పోలేదు, గాలి ఎక్కువైంది

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఇందుకూరుపేట దాటితే రొయ్యల గుంటలు కనిపిస్తాయి. మేత బస్తాలు మోయాలన్నా, ఏరేటర్ మోటారును రిపేరుకు ఎత్తుకుపోవాలన్నా, పట్టుబడి నాటి రాత్రి ఐసు తేవాలన్నా ఆ పల్లెలకు డీజిల్ బండే దిక్కు. ఇప్పుడొచ్చే డీజిల్ బండ్లకు టర్బో ఉండటం మామూలే. బండి లాగడం మానేసిందంటే షెడ్డులో మొదట వినపడే మాట "టర్బో పోయింది" అని. అరవై వేలవుతుందంటారు, డెబ్భై వేలంటారు. ధర పడిపోయిన పంటలో ఆ డబ్బు ఎంత బరువో ఆ పల్లెల్లోనే పుట్టిన నాకు తెలుసు. టర్బో పోయిందనే ఆ తీర్పు చాలాసార్లు ఏ పరీక్షా లేకుండానే వచ్చేస్తుంది. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మా తమ్ముడి బండికీ అదే జరగబోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేనుండేది అమెరికాలో, కొలరాడో స్ప్రింగ్స్‌లో. డీజిల్ ఇంజన్ల పరీక్షలు నా ఉద్యోగం. ఆ ఊరు సముద్రమట్టానికి 1,800 మీటర్ల పైన ఉంది. ఎటు తిరిగినా పైక్స్ పీక్ అనే కొండ కనపడుతుంది. టర్బో చరిత్రలో ఆ కొండకు పెద్ద చోటుంది. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడి చేసి పంపవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజన్‌ను లారీ మీద పెట్టి పైక్స్ పీక్ శిఖరం మీదికి, అంటే 4,300 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయాడు. కింద సుమారు 350 హార్స్ పవర్ ఇచ్చే ఇంజన్ ఆ పల్చటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే మళ్ళీ 350 దాటింది. నేను ఆ కొండ ఎక్కిన ప్రతిసారీ ఈ సంగతి గుర్తుకొస్తుంది.

గాలి పంపడం అప్పుడే తెలిసింది. ఎంత పంపాలో క్షణక్షణం ఎలక్ట్రానిక్స్ చేత చూసుకోవడానికి మాత్రం ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. 1980ల మొదట్లో స్వీడన్ కంపెనీ సాబ్ తన పెట్రోలు కార్లలో ఇంజన్ చప్పుడును సెన్సార్‌తో వింటూ, ఒక చిన్న విద్యుత్ వాల్వుతో టర్బో ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ నడిపే ఏర్పాటు తెచ్చింది. ఇవాళ మన ఊళ్ళలో తిరిగే చిన్న టర్బో పెట్రోలు కార్లలోనూ, డీజిల్ బండ్లలోనూ ఉన్నది ఆ ఆలోచనే.

మా తమ్ముడి బండిలాంటి డీజిల్ బండ్లలో అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదంతా మంత్రంలా కనపడుతుంది. టర్బో చక్రం చుట్టూ చిన్న రెక్కలుంటాయి. అవి దగ్గరగా మూసుకుంటే పొగ ఇరుకు సందుల్లోంచి వేగంగా దూసుకొచ్చి చక్రాన్ని గట్టిగా తిప్పుతుంది. కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలో రెక్కలు మూసుకుని ఉండాలి. ఆర్‌పీఎం పెరిగి పొగ ఎక్కువయ్యాక అవి తెరుచుకోవాలి. లేకపోతే గాలి మోతాదు మించిపోతుంది. ఈ రెక్కలను కదిలించేది ఒక కడ్డీ, దాన్ని లాగేది యాక్చుయేటర్ అనే గుండ్రటి డబ్బా. ఆ డబ్బాలోకి వ్యాక్యూమ్ వస్తే కడ్డీ లోపలికి పోయి రెక్కలు మూసుకుంటాయి. వ్యాక్యూమ్ పోతే లోపలి స్ప్రింగు కడ్డీని వెనక్కి తోసి రెక్కల్ని తెరుస్తుంది.

వ్యాక్యూమ్ పంపుకూ యాక్చుయేటర్‌కూ మధ్య ఉండేది సొలెనాయిడ్ అనే విద్యుత్ వాల్వు. గుంటకు నీళ్ళు పెట్టే తూము తలుపు లాంటిదే ఇది, కాకపోతే సెకనుకు పదుల నుంచి వందలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. దానికి మూడు దారులు: వ్యాక్యూమ్ పంపు నుంచి ఒకటి, యాక్చుయేటర్‌కు ఒకటి, బయటి గాలికి ఒకటి. ఎంతసేపు తెరిచి ఉంచాలో ఇంజన్ కంప్యూటర్ నిర్ణయిస్తుంది. గాలి పైపు మీద ఉన్న ఒత్తిడి సెన్సార్ చెప్పే అంకె, తాను కోరుకున్న అంకె, ఈ రెంటి తేడాను చూసి సర్దుతూ ఉంటుంది. బయటి గాలి దారిని గుర్తుపెట్టుకోండి, ఎవరూ చూడనిది అదే.

ఇక బండి సంగతి. ఇంటికి వెళ్ళిన రోజే తమ్ముడు చెప్పాడు: "అక్కా, గుంట కట్టల మీద బానే పోతుండాది. లోడేసుకొని హైవే మీద బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి చచ్చిపోతుంది. చెక్ లైటు ఎలుగుతుంది. ఆపి తాళం తిప్పితే మళ్ళీ మామూలే."

రోగమేంటో సగం ఈ నాలుగు మాటల్లోనే ఉంది. టర్బో నిజంగా అరిగిపోయి ఉంటే తాళం తిప్పగానే బాగుపడదు. కట్టల మీద బాగుండి హైవే మీద పడిపోతోందంటే, రెక్కలు మూసుకుని ఉండాల్సిన చోట అంతా సవ్యంగానే ఉంది, తెరుచుకోవాల్సిన చోటే ఏదో అడ్డం పడుతోంది. మొదట చూపించిన షెడ్డులో ఎప్పుడు పడిపోతోంది, ఏ గేరులో, ఎంత లోడుతో అని ఎవరూ అడగలేదు. బోనెట్ ఎత్తి, రెండుసార్లు రేజింగ్ ఇచ్చి, టర్బో మార్చాలని చెప్పి పంపేశారు.

నెల్లూరు ఆటోనగర్‌లో తమ్ముడికి తెలిసిన ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. అందరూ ఆయన్ను భాయ్ అంటారు. ఆయన దగ్గర స్కానర్ ఉంది. లోపాలను కోడ్‌ల రూపంలో దాచిపెట్టుకునే ఓబీడీ-2 పద్ధతి ఉన్న బండి అయితే అది తన గోడు తానే చెప్పుకోగలదు. స్కానర్ పెట్టగానే వచ్చిన కోడ్ పి0234. అంటే గాలి ఒత్తిడి కావలసిన దానికన్నా మించిపోయింది. తక్కువైతే వచ్చే కోడ్ వేరు, అది పి0299.

ఇక్కడ ఒక నిమిషం ఆగండి. చచ్చిపోయిన టర్బో గాలి ఎక్కువ పంపలేదు. డ్రైవరుకు మాత్రం రెండూ ఒకేలా తెలుస్తాయి, ఎందుకంటే ఒత్తిడి మించగానే ఇంజన్‌ను కాపాడటానికి కంప్యూటర్ డీజిల్ తగ్గించేస్తుంది. బలం లేదని మనం అనుకునేది నిజానికి బలాన్ని కంప్యూటర్ ఆపేయడం. ఈ ఒక్క కోడ్ చదివి ఉంటే అరవై వేల మాట అంత తొందరగా వచ్చేది కాదు.

కోడ్ వచ్చింది కదా అని వెంటనే సామాను మార్చడమూ తప్పే. సెన్సార్ అబద్ధం చెబుతూ ఉండవచ్చు. దానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి ఒత్తిడి అంకె చూడాలి. ఇంజన్ తిరగనప్పుడు పైపులో ఉండేది బయటి గాలే. నెల్లూరు తీరంలో అది 100, 101 కిలోపాస్కల్స్ చూపాలి. నేనుండే ఊళ్ళో అదే సెన్సార్ 81 దగ్గర చూపుతుంది, అక్కడికి అదే సరైన అంకె. తమ్ముడి బండి 101 చూపింది. ఆ అంకె దగ్గర సెన్సార్ నిజమే చెబుతోందని అనుకోవచ్చు.

రెండోది యాక్చుయేటర్. దాని పైపు ఊడదీసి, చేత్తో ఒత్తే వ్యాక్యూమ్ పంపు తగిలించాం. పంపు ఒత్తుతుంటే కడ్డీ నిదానంగా, ఎక్కడా పట్టేయకుండా లోపలికి పోయింది. కాసేపు అలాగే నిలిచింది, అంటే డబ్బా లోపలి రబ్బరు చిరగలేదు. వదలగానే ఠక్కున వెనక్కి వచ్చింది. ఈ పరీక్ష చాలా విలువైనది. ఏసీ వేసుకుని గుంటగట్టున గంటలకొద్దీ బండిని ఆన్‌లో ఉంచేవాళ్ళ టర్బోలో రెక్కలు కార్బన్ పట్టి బిగుసుకుపోతాయి. ఉప్పుగాలికి కడ్డీ కీలు తుప్పు పట్టి కూడా ఆగిపోతుంది. ఆ రెండిట్లో ఏదైనా ఉంటే కడ్డీ మధ్యలో తడబడేది. తడబడలేదు కాబట్టి టర్బో రెక్కల్లో దోషం లేదని అక్కడే తేలిపోయింది.

మిగిలింది సొలెనాయిడ్. ఇంజన్ ఆన్ చేసి, యాక్చుయేటర్ వైపు పైపులో వ్యాక్యూమ్ కొలుస్తూ, భాయ్ సొలెనాయిడ్ కప్లర్ పీకాడు. కరెంటు ఆగిన క్షణమే ముల్లు సున్నాకు పడిపోవాలి. ఈ బండిలో అది ఒక్కో గీతా దిగుతూ చాలాసేపు తీసుకుంది. లోపలి వ్యాక్యూమ్ తీరడానికి కావలసిన బయటి గాలి రావడం లేదు. బయటి గాలి దారి మీద బొటనవేలంత స్పాంజి ఫిల్టరు ఒకటి ఉంది. బయటికి తీస్తే, గుంటకట్టల దుమ్మూ సముద్రపు ఉప్పుతేమా కలిసి రాయిలా గట్టిపడిపోయి ఉంది. దాన్ని తీసేసి చూస్తే ముల్లు వెంటనే సున్నాకు పడింది.

కప్లర్ పిన్నులు కూడా పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఇవాళ కాకపోతే రేపు అవీ ఇబ్బంది పెట్టేవే. సొలెనాయిడ్ కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలిచాం, చాలా బండ్లలో అది పదికీ ముప్పై అయిదు ఓమ్‌లకూ మధ్య ఉంటుంది. ఇదీ ఆ లెక్కలోనే ఉంది. పిన్నులు శుభ్రం చేసి, తడి చేరకుండా సిలికాన్ గ్రీజు పూసి, కొత్త ఫిల్టరు పెట్టాడు. సామాను ఖర్చు వందల్లోనే. మేత బస్తాలు వేసుకుని, స్కానర్ ఒళ్ళో పెట్టుకుని హైవే మీద బ్రిడ్జి ఎక్కాం. అంతకుముందు కంప్యూటర్ 200 కిలోపాస్కల్స్ అడిగితే 240 వస్తుండేది. ఇప్పుడు అడిగినంతే వస్తోంది. బండి ఎక్కడా ఆగలేదు.

ఉప్పు సంగతి ఇంకొంచెం చెప్పాలి, మన తీరానికి అసలు శత్రువు అదే. కొలరాడోలో సముద్రం లేదు. కానీ చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం చల్లుతారు. అదీ ఉప్పే, గాలిలో తడిని పీల్చి వైర్ల సందుల్లో చేరుతుంది. అందుకని అక్కడివాళ్ళు చలికాలంలో బండి అడుగుభాగం నీళ్ళతో కడిగించుకోవడం అలవాటు చేసుకున్నారు. ఇస్కపల్లి ఉప్పు కొటార్ల పక్కన, కృష్ణపట్నం రోడ్డు మీద, మైపాడు గుంటల మధ్య ఏడాది పొడవునా తిరిగే బండ్లకు ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. కంపెనీలు రాసే సర్వీసు పట్టికలో ఈ చిన్న ఫిల్టరు నాకు ఎక్కడా కనపడలేదు. కొన్ని బండ్లలో అసలు ఈ స్పాంజి ఉండదు, సొలెనాయిడ్‌కు గాలి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోంచి పైపు ద్వారా వస్తుంది. తీరంలో అమ్మే బండ్లకు అదే మంచి పద్ధతని నా అభిప్రాయం.

టర్బోలు ఎప్పుడూ పోవని నేననడం లేదు. నీలం పొగ వస్తుంటే, సైరన్‌లా కూత వినపడుతుంటే, గాలి పైపు ఊడదీసి చక్రాన్ని వేళ్ళతో పట్టుకుంటే అటూ ఇటూ మరీ ఎక్కువగా ఊగుతుంటే టర్బో పోయి ఉండవచ్చు, మార్చాల్సి రావచ్చు. పి0299 వచ్చినప్పుడు మాత్రం ముందు టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపుల క్లిప్పులు, వ్యాక్యూమ్ పైపుల పగుళ్ళు చూడాలి. పైపు అతుకు దగ్గర నూనె చెమ్మ కనపడితే గాలి అక్కడే పోతోందని అనుమానించాలి.

పని అయ్యాక టీ తాగుతూ భాయ్ అన్న మాట నన్ను బాగా కదిలించింది. "మేడమ్, రెండు గంటలు వెతికి ఫిల్టరు మారిస్తే, ఇంత చిన్నదానికి ఇంత లేబరా అంటారు. టర్బో మారిస్తే లేబరే వేలల్లో ఇచ్చి దండం పెట్టి పోతారు." అమెరికాలో షెడ్డుకు వెళితే చాలాచోట్ల లోపం వెతకడానికి వేరుగా డబ్బు తీసుకుంటారు. సామాను మార్చకపోయినా అది ఇవ్వాల్సిందే. మన దగ్గర సామానుకే విలువ, వెతికిన బుద్ధికి లేదు. అలాంటప్పుడు వెతకని మెకానిక్‌నే మనం పోషిస్తున్నాం. ఈ విషయంలో తప్పు షెడ్డుల కన్నా బండి యజమానులదే ఎక్కువని నేను నమ్ముతున్నాను.

కాబట్టి మైపాడు, కోడూరు, తూపిలిపాళెం వైపు బండి నడిపేవాళ్ళందరికీ నాదొక విన్నపం. బండి లాగకపోతే అది ఎప్పుడు, ఎక్కడ, ఎంత లోడుతో పడిపోయిందో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఏ కోడ్ వచ్చిందో అడిగి తెలుసుకోండి. యాక్చుయేటర్ కడ్డీ కదలడం మీ కళ్ళతో చూడకుండా టర్బో మార్పుకు ఒప్పుకోకండి. వెతికి పెట్టిన మెకానిక్‌కు, మారిన సామాను వంద రూపాయలదే అయినా, వెతికిన గంటలకు పూర్తి లేబరు ఇవ్వండి.