ఊరు పువ్వులో లేదు, వలలో ఉంది

పాత లేసు ముక్క చేతిలో పెడితే అది ఏ ఊళ్లో పుట్టిందో చెప్పేవాళ్లున్నారు! దాని మీద చీటీ ఉండదు, ముద్ర ఉండదు. 250 ఏళ్ల కిందట ఎవరో ఒకావిడ అల్లింది, ఆవిడ పేరు ఏ కాగితంలోనూ లేదు. అయినా భూతద్దం పెట్టి చూసి ‘ఇది బ్రస్సెల్స్, ఇది మెక్లిన్, ఇది అలాన్సోన్’ అని తేల్చేస్తారు. ఆ కిటుకు ఈమధ్యే నాకు చిక్కింది. అప్పట్నుంచి కనబడినవాళ్లందరికీ చెబుతున్నాను. ఇప్పుడు మీ వంతు.

కిటుకేమిటంటే, పువ్వును చూడకూడదు. అందరి చూపూ ముందు పువ్వు మీదికే పోతుంది గానీ దాన్ని నమ్మడానికి లేదు. ఫ్యాషన్ మారితే పువ్వూ మారుతుంది. గిరాకీ ఉన్న పువ్వును పక్క దేశంవాళ్లు దించేసుకుంటారు. చూడాల్సింది పువ్వుకీ పువ్వుకీ మధ్యనున్న వలను. వల కన్నుకు ఎన్ని పక్కలున్నాయి, ఏ పక్కన పోగులు ఊరికే మెలి తిరిగాయి, ఏ పక్కన జడగా అల్లుకున్నాయి... గుట్టంతా అక్కడే. వల అల్లడం చిన్నతనంలోనే వేళ్లకు పట్టేసిన అలవాటు. మాట్లాడే సంగతి ఏదైనా యాస మన జిల్లాను పట్టిచ్చేసినట్టు, పువ్వు ఎవరిదైనా వల ఊరిని పట్టిచ్చేస్తుంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, సూదితో కుట్టిందా, బాబిన్లతో అల్లిందా అని. సూది లేసుకు తోలుపత్రం మీద బొమ్మ గీసి, గీతల వెంట దారం పరిచి, ఆ దారాన్నే ఆధారం చేసుకుని కాజా కుట్లు వేసుకుంటూ పోతారు. పని పూర్తయ్యాక అడుగునున్న తోలును విడదీసేస్తారు. గుడ్డ అన్నదే లేదు, మిగిలేదంతా కుట్టే! బాబిన్ లేసు దారి వేరు. గట్టి దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్నచిన్న కర్ర బాబిన్లకు చుట్టిన పోగులను ఒకదాని మీదుగా ఇంకోదాన్ని దాటిస్తూ, మెలిపెడుతూ అల్లుతారు. పెద్ద పనికి బాబిన్లు వందల్లోకి పోతాయి. భూతద్దంలో కాజా కుట్ల వరసలు కనిపిస్తే సూది పని, నేతలో లాగా పోగులు దాటుకుంటూ కనిపిస్తే బాబిన్ పని.

2024లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న మన నరసాపురం లేసు ఈ రెండూ కాదు, అది క్రోషే. కొక్కెం సూదితో ఉచ్చులోంచి ఉచ్చు లాగే పని. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి ఒడ్డుకు చేరింది. ఆ ఉచ్చును పోల్చుకోవడం నరసాపురం, పాలకొల్లు ఆడవాళ్లకు ఒకరు నేర్పాలా? అలాంటి చూపుకు ఐర్లండ్ లేసు మంచి పరీక్ష. 17వ శతాబ్దంలో వెనిస్ సూది లేసు యూరప్‌ను ఊపేసింది, దొంతరలుగా పైకి ఉబికిన పువ్వులతో, మెలికల తీగలతో. 1840ల కరువులో, ఆ తర్వాత ఐర్లండ్ ఆడవాళ్లు పొట్టకూటి కోసం ఆ ఉబ్బెత్తు పువ్వులనే క్రోషేలో దించారు. దూరాన్నుంచి చూస్తే అచ్చం వెనిస్. దగ్గరికెళ్తే ఉచ్చులు!

ఇక నన్ను పూర్తిగా పడగొట్టింది ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్ లేసు. బ్రస్సెల్స్, మెక్లిన్ మధ్య దూరం 30 కిలోమీటర్లు కూడా ఉండదు. రెండు చోట్లా వల కన్నుకు ఆరు పక్కలు. నాలుగు పక్కల్లో రెండేసి పోగులు మెలి తిరిగి ఉంటాయి, మిగతా రెండు పక్కల్లో నాలుగేసి పోగుల జడ ఉంటుంది. మరి తేడా ఎక్కడ? మెక్లిన్‌లో జడ పొట్టిది, కన్ను కాస్త గుండ్రంగా కనబడుతుంది. పువ్వు అంచు చుట్టూ మెరుపున్న లావుపాటి దారం ఒకటి తిరుగుతుంది. పువ్వూ వలా ఒక్కసారే, అవే పోగులతో పుడతాయి. బ్రస్సెల్స్‌లో జడ పొడుగు. పువ్వును విడిగా అల్లి, వలను తర్వాత చేరుస్తారు. ముక్కను తిరగేయండి, వల పోగులు పువ్వు వీపు మీదుగా అవతలికి దాటిపోతూ దొరికిపోతాయి! ఇక వాలెన్సియెన్ ఊరి లేసులో అంచు దారమే ఉండదు. పువ్వుకూ వలకూ ఒకే దారం, కన్ను నాలుగు పక్కలా జడే. అందుకే అది అంత గట్టిది.

ఫ్రాన్స్ మాటకొస్తే, వెనిస్ లేసుకు పోతున్న డబ్బు చూసి ఓర్వలేక 14వ లూయీ మంత్రి కోల్‌బేర్ 1665లో రాజు అండతో సొంత లేసు పరిశ్రమ పెట్టించాడు. నార్మండీలోని అలాన్సోన్, అర్జెంటాన్ ఊళ్లు అలా వెలిగాయి. రెండూ సూది లేసులే, రెండు ఊళ్లకూ మధ్య 50 కిలోమీటర్ల లోపే. అలాన్సోన్ వల సన్నం, పువ్వు అంచు కుట్టులో గుర్రపు వెంట్రుక దాగుంటుంది. అర్జెంటాన్ కన్ను పెద్దది, దాని ఆరు పక్కలనూ కాజా కుట్లతో కప్పేస్తారు. ఒక్కో కన్నుకు ఆరు పక్కలు, ఒక్కో పక్కకు అన్నేసి కుట్లు. దాన్ని కుట్టిన కళ్లు ఏమైపోయి ఉంటాయో!

పేర్లను మాత్రం అస్సలు నమ్మకండి. ‘పాయింట్ డాంగ్లెతేర్’ అంటే ఇంగ్లండ్ లేసని కదా అర్థం? అది బ్రస్సెల్స్ సరుకు. 1662లో ఇంగ్లండ్ విదేశీ లేసును నిషేధిస్తే, వర్తకులు దొంగచాటుగా తెచ్చి ఆ పేరుతో అమ్మారని చెబుతారు. షాంటిలీ ప్యారిస్ దగ్గర ఊరే గానీ, ఆ పేరుతో 19వ శతాబ్దంలో చెలామణీ అయిన నల్ల పట్టు లేసులో చాలాభాగం నార్మండీలోని బాయూలో, బెల్జియంలోని గ్రామోన్‌లో తయారైంది. అక్కడా ఇక్కడా అదే దారం, అదే పద్ధతి కాబట్టి నిపుణులు కూడా చాలాసార్లు ‘షాంటిలీ రకం’ అని ఊరుకుంటారు. వల కూడా నోరు విప్పని చోటు అది.

కాలం తేల్చడానికీ వలే దిక్కు. 1808-09లో జాన్ హీత్‌కోట్ ఇంగ్లండ్‌లో వల అల్లే యంత్రానికి పేటెంట్లు తీసుకున్నాడు. యంత్రపు కన్నుకూ ఆరు పక్కలే, కానీ అన్నీ మెలికలే, జడ ఎక్కడా లేదు. బ్రస్సెల్స్ పువ్వును అలాంటి వల మీద కుట్టి ఉంటే, పువ్వు చేతి పనే అయినా ఆ ముక్క 18వ శతాబ్దానిది కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇదంతా చదివి ఊరుకుంటే లాభం లేదు, కళ్లతో చూడాలి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ లేసుల ఫొటోలు అందరికీ చూపిస్తున్నాయి. ఫోన్‌లోనే పెద్దవి చేసుకోవచ్చు. ముందు బ్రస్సెల్స్, మెక్లిన్ ముక్కలను పక్కపక్కన పెట్టుకోండి. పువ్వుల్ని వదిలేసి, జడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వెతకండి. ఆ పొడుగు జడా, పొట్టి జడా విడివిడిగా కంటికి ఆనిన క్షణాన మీరు కుర్చీలోంచి లేచి ఇంట్లోవాళ్లను కేకేయకపోతే నన్నడగండి!