కల్లు మానేసిన మూడో రోజు

పటాన్‌చెరు దాటి ముంబై హైవే మీద వెళ్తే సంగారెడ్డికి ముందు కంది. హైదరాబాద్ ఐఐటీ 2015లో ఎద్దుమైలారం నుంచి ఇక్కడికి తరలివచ్చాక ఈ పేరు దేశమంతా తెలిసింది. నేను వెళ్లింది మాత్రం ఊళ్లో పెట్టిన మానసిక వైద్య శిబిరానికి. డాక్టరమ్మ పక్కన ఒక పూట కూర్చున్నాను.

ఓ నడివయసు మనిషిని భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "కల్లు బంద్ పెట్టి మూడొద్దులాయె మేడమ్. కంటి మీద కునుకు లేదు" అంది. డాక్టరమ్మ అతన్ని రెండు చేతులూ చాపమన్నారు. వేళ్లు వణుకుతున్నాయి, చొక్కా చెమటకు తడిసిపోయింది. నాడి, బీపీ చూశారు. "ఫిట్స్ వచ్చినయా? ఇయ్యాల ఏం వారం? గోడ మీద ఏమన్న కనపడుతున్నయా?" అని ఒక్కొక్కటే నిదానంగా అడిగారు. అతను వారం తప్పు చెప్పాడు. గోడ నిండా చీమలున్నాయన్నాడు. ఆవిడ ఇక ఆలస్యం చేయలేదు. మెదడు గందరగోళంలో పడిందని, ఇంటికి పంపితే ప్రాణం మీదికి వస్తుందని భార్యకు చెప్పి, అంబులెన్స్‌లో సంగారెడ్డి ఆస్పత్రికి పంపించారు.

తర్వాత నాకు వివరించారు. తాగేవాళ్లకు సరిపడా తాటిచెట్లు, ఈతచెట్లు లేని చోట కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలుపుతారు. ఆల్ప్రజోలం మెదడు ఉద్రేకానికి బ్రేకు వేసే మందు. రోజూ అలవాటైన ఆ బ్రేకు ఒక్కసారిగా తీసేస్తే వణుకు, నిద్రలేమి, ఫిట్స్, భ్రమలు మొదలవుతాయి. వైద్యం కూడా అదే జాతి మందుతోనే. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజిపామ్‌ను లెక్క ప్రకారం ఇచ్చి, కొన్ని వారాల పాటు డోసు తగ్గిస్తూ పోతారు. ఆల్ప్రజోలాన్ని దొంగచాటుగా తయారుచేస్తున్న యూనిట్లు ఈ జిల్లాలోనే పట్టుబడ్డాయి. అందుకే రోగం పుట్టే చోటికే డాక్టర్ రావాలని ఆవిడ పట్టుదల.

రోగిని చూసి ప్రమాదం పసిగట్టే ఈ చూపు ఊరికే రాదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, నీట్ పీజీ, ఆపైన మూడేళ్ల ఎండీ సైకియాట్రీ. వార్డుల్లో, ఎమర్జెన్సీలో, న్యూరాలజీలో, పిల్లల విభాగంలో, డీ-అడిక్షన్‌లో డ్యూటీలు. రోగి వాలకం, మాట తీరు, మనసు స్థితి, ఆలోచనలు, భ్రమలు, జ్ఞాపకశక్తి, తనకు జబ్బుందన్న ఎరుక వరుసగా పరీక్షించి కేసు షీటు రాయాలి. దిగులుగా ఉందనగానే డిప్రెషన్ అని తేల్చకూడదు. థైరాయిడ్, బీ12 లోపం, తలకు దెబ్బ లాంటివి ఉన్నాయేమో చూడాలి. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. సైకియాట్రిస్టు రెండూ చేయగలరు.

చట్టం కూడా రోగి వైపే నిలబడింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని, మత్తు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయడాన్ని నిషేధించింది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పెట్టగానే కల్లు దుకాణాలు మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఓపీ ఇలాంటి రోగులతో కిక్కిరిసింది. అది అందరికీ పాఠం కావాల్సింది. కల్తీ కల్లు దుకాణం మూయడం న్యాయమే. కానీ నిన్నటిదాకా అక్కడ తాగినవాళ్లు మూడో రోజుకు ఏమవుతారో ఎవరు చూస్తారు? దాడికి వెళ్లే ఎక్సైజ్ జీపు వెనకే డాక్టరూ మందులూ ఉన్న బండి కూడా బయల్దేరాలి. మనిషికి వణుకు మొదలైతే ఇంట్లోవాళ్లు సిగ్గుపడి తలుపులు మూసుకోకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే చెబుతారు. అయితే ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనిషి అయోమయంలో పడినా ముందు 108 అంబులెన్స్‌కే ఫోన్ చేయాలి.