గిటారుకీ వడదెబ్బ

వేసవి సెలవుల్లో గిటారు కావాలని మారాం చేసిన పిల్లాడు శ్రావణ మాసం వచ్చేసరికి దాని జోలికే వెళ్లడు. ‘వేళ్లు నొప్పెడుతున్నాయి నాన్నా’ అంటాడు. ‘చూశావా, మోజు తీరిపోయింది. నేనప్పుడే చెప్పాను’ అంటాడు నాన్న, అమ్మవైపు తిరిగి. అంతే, గిటారు బీరువా పైకెక్కుతుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి ఊళ్లలో చాలా ఇళ్ల కథే ఇది. పాపం, అన్నిసార్లూ పిల్లాడి తప్పు ఉండదు. ఒక్కోసారి అది వానాకాలం చేసిన పని!

గిటారు పైపలక మందం మూడు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మంచి గిటార్లలో అది ఎక్కువగా స్ప్రూస్ చెక్క. చెట్టు కొట్టి ఎన్నేళ్లయినా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. వానల్లో వీధి తలుపు బిగుసుకుపోయి భుజంతో నెట్టాల్సి రావడం లేదూ, అలాగే. చెక్క పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అంచులు అతికించి ఉండటంతో పక్కలకు జరగలేని పలక మధ్యలో పైకి ఉబుకుతుంది. దానిమీది బ్రిడ్జి లేస్తుంది, బ్రిడ్జితోపాటే తీగలూ. ఆరు స్టీలు తీగలు కలిసి లాగే బలం దాదాపు 70 కిలోలు. తీగకూ మెట్టుకూ మధ్య ఎడం ఒక్క మిల్లీమీటరు పెరిగినా లేత వేళ్లకు నరకమే.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. వాన వెలిసి కాస్త ఎండ పొడ కనిపిస్తే పప్పులూ పరుపులూ డాబా ఎక్కుతాయి. బూజు వాసన వస్తోందని ఆ వరసలో గిటారును కూడా పెడతారు! వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి ఊడొచ్చు. తేమ ఒక్కసారిగా ఆరిపోతే పలక నిలువునా పగలొచ్చు. ఉబ్బిన గిటారు చలికాలానికి చాలావరకు సర్దుకుంటుంది. పగిలినదాన్ని అతికించాల్సిందే, మచ్చ మిగులుతుంది.

గిటారుకు హాయిగా ఉండేది గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉన్నప్పుడు. వానల్లో విశాఖలో అది 80 దాకా ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో హైదరాబాద్‌లో 30కీ దిగిపోతుంది. బదిలీ మీద ఊరు మారిన కుటుంబంతోపాటు రాత్రికి రాత్రి గిటారూ ఆ తేడా భరించాలి. రోజంతా ఏసీ నడిచే గదీ పొడిదే. చెక్క ముడుచుకుంటుంది, లోహపు మెట్లు ముడుచుకోవు. అందుకే మెడ అంచున వేలితో నిమిరితే వాటి కొనలు గీసుకుంటాయి.

వీణ, మృదంగం ఉన్న ఇళ్లలో ఇవి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండకు మైనం మెత్తబడి వీణ మెట్లు కదులుతాయనీ, ముసురు పడితే మృదంగం శ్రుతి మారుతుందనీ చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరుగుతారు. గిటారుతోపాటు దుకాణం వాళ్లు ఇచ్చేది బిల్లు మాత్రమే.

చేయాల్సింది కొంచెమే. వాయించాక పెట్టెలో పెట్టి మూసెయ్యాలి. వానల్లో సిలికా జెల్ పొట్లాలు, ఎండల్లో చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో గట్టిగా పిండిన స్పాంజి. తడి చెక్కకు తగలకూడదు సుమా! ప్లైవుడ్ గిటారైతే ఇంత పేచీ పెట్టదు, నేర్చుకునేవాళ్లకు అదే మేలు. తీగలు ఎత్తుగా ఉన్నాయని వానాకాలంలోనే కింది ఎముక పట్టీని అరగదీయించేస్తే, చలికాలం వచ్చేసరికి అవే తీగలు మెట్లకు తగిలి జుయ్‌మంటాయి. అప్పుడు కొత్త పట్టీ వేయించాలి.