తారు తుడిచిన ఆచార్యుడు

1896లో బొంబాయిలోని విక్టోరియా రాణి విగ్రహానికి రాత్రికి రాత్రి తారు పూశారు. ఆ పని పూనాకు చెందిన చాపేకర్ సోదరులదని తరువాత తెలిసింది. బరోడా పాలకుడు ఖండేరావ్ గాయక్వాడ్ కానుకగా ఇచ్చిన విగ్రహమది; 1872లో ఆవిష్కరించారు. తెల్లని చలువరాయి ఆ నలుపును పీల్చుకుంది. ఇతరుల ప్రయత్నాలు ఫలించని చోట, 1898లో ఆ మరకను వదలగొట్టినవాడు త్రిభువన్‌దాస్ కల్యాణ్‌దాస్ గజ్జర్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు. ఆయన కూడా అంతకు కొద్దికాలం ముందు బరోడా నుంచి వచ్చినవాడే.

ప్రఫుల్ల చంద్ర రే పేరు తెలుగు పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది. గజ్జర్ పేరు కనిపించదు. ఆయన 1863లో సూరత్‌లో, వడ్రంగం కులవృత్తిగా గల కుటుంబంలో జన్మించాడు. తండ్రి శిల్పశాస్త్రం తెలిసినవాడు. చేతిపనినీ చదువునూ రెండు వేర్వేరు లోకాలుగా చూడని ఇంట పెరగడం ఆయన జీవితాన్ని నిర్ణయించిందనుకోవచ్చు. 1886లో బరోడా కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

ఆనాటి కళాశాలలో రసాయనశాస్త్రం బోధించడమంటే ఆంగ్ల గ్రంథాన్ని విద్యార్థుల చేత వల్లె వేయించి పరీక్షకు పంపడమే. పట్టభద్రులు గుమాస్తాలో వకీళ్లో అయ్యేవారు. బయట మాత్రం రసాయనశాస్త్రం మనుషుల కూడు లాగేస్తున్నది. మచిలీపట్నం అద్దకంవారు చిరివేరు నుంచి తీసే ఎరుపుకు మూలపదార్థం అలిజరిన్. దానిని 1860ల చివర జర్మన్ శాస్త్రజ్ఞులు తారు నుంచి కృత్రిమంగా తయారు చేశారు. 1897లో నీలిమందుకూ అదే గతి పట్టింది. సూరత్ రంగరేజుకు గానీ, బందరు అద్దకంవానికి గానీ తన వృత్తిని దెబ్బతీస్తున్న విద్య ఏమిటో చెప్పేవారు లేరు. చెప్పగలవారు అతనికి తెలియని భాషలో చెబుతున్నారు.

గజ్జర్ పట్టుకున్న ముడి ఇదే. మహారాజు శాయాజీరావును ఒప్పించి 1890లో బరోడాలో కళాభవన్‌ను స్థాపింపజేశాడు. అద్దకం, వడ్రంగం, యంత్రవిద్య, చిత్రలేఖనం వంటివి అక్కడ మాతృభాషలో నేర్పాలన్నది ఆయన పట్టు. గుజరాతీలో శాస్త్రగ్రంథాలు సిద్ధం చేయించడానికి సంస్థానం 50,000 రూపాయలు మంజూరు చేసింది. ఆ కాలానికి అది సామాన్యమైన మొత్తం కాదు. తరువాతి కాలంలో భారతీయ చలనచిత్ర పితామహుడనిపించుకున్న దాదాసాహెబ్ ఫాల్కే కూడా తొలినాళ్లలో కళాభవన్ విద్యార్థే.

ఆయనపై ఒక విమర్శకు తావుంది. జర్మన్ రంగులను వాడడం నేర్పడమంటే జర్మన్ కంపెనీలకు విపణి తెరవడం కాదా? కొంతవరకు అవుననే చెప్పాలి. అయితే దేశవాళీ రంగు అప్పటికే ఓడిపోతున్నది. కొత్త రంగు మర్మం తెలిసిన కార్మికుడు మిగలాలా, ఏమీ తెలియని కూలీ మిగలాలా అన్న రెండు దారులే ఆయనకు కనిపించాయి.

తెలుగువారి చరిత్రలో ఈ ఆలోచనకు తోబుట్టువులున్నాయి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమానికి ఉత్తర్వులిస్తే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ వివాదంలో ఒక పక్షం భాషాభిమానాన్ని, మరో పక్షం ఉద్యోగావకాశాన్ని ముందుకు తెచ్చింది. గజ్జర్ అడిగిన ప్రశ్న మాత్రం ఆ రెండింటి మధ్య వినపడలేదు: రంగు వేసేవాని చేతికి ఆ రంగు శాస్త్రం అందుతున్నదా, లేదా?

1890ల నడుమ ఆయన బరోడా వదిలి బొంబాయి చేరాడు. విల్సన్ కళాశాలలో బోధించాడు, సొంతంగా ఒక ప్రయోగశాల నెలకొల్పాడు. అప్పుడే నగరాన్ని ప్లేగు ముంచెత్తింది. గజ్జర్ అయోడిన్ సమ్మేళనంతో చికిత్సకు ప్రయత్నించాడు. అదే ప్లేగు పేరిట ఇళ్లలోకి చొరబడిన పాలనపై కోపంతో 1897 జూన్‌లో చాపేకర్లు పూనాలో ర్యాండ్‌ను కాల్చారు. దామోదర్ చాపేకర్‌ను 1898లో ఉరి తీశారు. ఆ ఏడే గజ్జర్ విగ్రహం తుడిచాడు. ఆయనను రాజభక్తుడని కొట్టిపారేయడం సులువు. తారు నుంచి రంగులెలా పుడతాయో ఏళ్ల తరబడి బోధించినవానికి ఆ మరక రాజకీయంగా కాక రసాయన సమస్యగానే కనిపించి ఉండవచ్చు. ఆయన కళ్లు ఆ పాటి రాజకీయం చూడలేనంత అమాయకమైనవి అనుకోవడం మాత్రం కష్టం. ఒకే జ్వరం చూసిన ఇద్దరిలో ఒకడు తుపాకీ పట్టాడు, మరొకడు పరీక్షనాళిక పట్టాడు. చరిత్రపుస్తకాలలో మొదటివానికే చోటు దక్కింది.

1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెస్‌లో చెప్పులు విసురుకుని మితవాదులు, అతివాదులు విడిపోయారు. అదే సంవత్సరం గజ్జర్ శిష్యులు అమీన్, కోటిభాస్కర్ ఆయన అండతో అలెంబిక్ ఔషధ సంస్థను ప్రారంభించారు. స్వదేశీ అంటే ఏమిటన్న తగువు సభాస్థలిలో సాగుతుండగా, ఆయన శిష్యులు స్వదేశీ మందుల తయారీకి పూనుకున్నారు. రంగు చెడిన ముత్యాలకు మెరుపు తెప్పించే విధానంతో ఆయన సంపాదించినదీ తక్కువేమీ కాదు. 1920లో మరణించాడు. కళాభవన్ స్వాతంత్ర్యానంతరం బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో భాగమయింది. అక్కడ ఇప్పుడు బోధన ఆంగ్లంలో సాగుతున్నది.

నేటి సూరత్‌లో తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలు మరమగ్గాలు నడుపుతున్నారు. వారి బట్ట రంగు వేసే మిల్లులకు చేరుతుంది. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. ఆ తరగతులు దాటిన పిల్లవాడు రంగుల రసాయనశాస్త్రాన్ని చదవాలంటే మరో భాషలోకి మారవలసిందే.