అరిసెల డబ్బాతో ఆనకట్ట వరకు



డిసెంబరు నెల వచ్చిందంటే సేవకుని ఇంటిలో ఎవరికీ తీరిక ఉండదు. రాత్రిళ్ళు క్యారల్స్, పగలు గృహ దర్శనములు, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పడం, గుడికి సున్నం వేయించడం. ఇవన్నీ ముగిసేసరికి పండుగ కూడా దాటిపోతుంది. కిందటి సంవత్సరం మేము బజారు నుండి రెండు కిలోల మిఠాయి తెచ్చి పండుగ అయిందనిపించాము. పిల్లలకు ధవళేశ్వరం ఆనకట్ట చూపిస్తామని ఇచ్చిన మాట మూడేళ్ళుగా మాటగానే ఉండిపోయింది. మొదట్లో రోజూ అడిగేవారు. తరువాత అడగడం మానేశారు. అలిసిపోయి మానుకున్నారని మాకు తోచలేదు, అర్థం చేసుకున్నారని సంతోషించాము.

ఈసారి క్యారల్స్ మొదలైన మూడవ రాత్రి, ఐదేళ్ళ మా పాప నిద్ర ఆపుకుంటూ గుమ్మంలో కూర్చుంది. మేము చెప్పులు వేసుకుంటూ ఉండగా, "నాన్నా, అయ్యగారు అందరి ఇళ్ళకూ వెళ్తారు కదా, మన ఇంటికి ఎప్పుడు వస్తారు?" అని అడిగింది. మా ప్రాంతంలో పాస్టరును అయ్యగారు అంటారు. ఆ అయ్యగారు తన తండ్రేనని దానికి తెలియక కాదు, తెలిసే అడిగింది. ఆ రాత్రి ఎన్ని ఇళ్ళ ముందు పాడినా ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

మరునాడు సంఘ పెద్దలను కలిసి, "పండుగ అయ్యాక 28వ తేదీ ఒక్కరోజు మా పిల్లలతో గడుపుతాము" అని సంకోచంగానే చెప్పాము. వారిలో వయసు మళ్ళిన ఒకాయన, "ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదండీ అయ్యగారూ?" అన్నారు. మేము తల దించుకున్నాము. ఆ భారం సంఘము మా మీద పెట్టింది కాదు, మేమే నెత్తికెత్తుకున్నది.

పండుగకు వారం ముందే ఇంట్లో పిండివంటలు మొదలుపెట్టాము. కొనడం వద్దు, అందరమూ కలిసి చేద్దామని తీర్మానం. అరిసెలకు కిలో కొత్త బియ్యం ఒక రాత్రంతా నానబెట్టాము. తెల్లవారి వడగట్టి, గుడ్డ మీద కాసేపు ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే పిండి కొట్టించాము. తడి పోతే అరిసె గట్టిపడుతుందని నాయనమ్మ హెచ్చరిక. ముప్పావు కిలో బెల్లం పాకం పెట్టారు. పాకం చుక్కను చల్లటి నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. అప్పుడు పిండి, నువ్వులు, కాస్త నెయ్యి వేసి కలపాలి. పాకం చూసే పని మేమే తీసుకున్నాము. ప్రసంగం చెప్పినంత తేలిక అనుకున్నాము కాబోలు, ఉండ కట్టకముందే పిండి పోసేశాము. మొదటి నాలుగు అరిసెలూ నూనెలో విడిపోయి తునకలై తేలాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాయనమ్మ మాత్రం నవ్వకుండా మరి కొంచెం పిండి కలిపి చలిమిడిని గట్టిపరిచింది. తక్కినవి బాగానే వచ్చాయి. విరిగిన ముక్కలే ముందు ఖాళీ అయ్యాయి.

చిన్నపిల్లలకు వేడి నూనె దగ్గర పని చెప్పకూడదు. కాని గవ్వలు వారి చేతులకు తగిన పని. గట్టిగా కలిపిన పిండిని చిన్న ఉండలు చేసి, గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి జార్చితే చాలు. చెక్క లేని ఇంట్లో శుభ్రంగా కడిగిన కొత్త దువ్వెనైనా సరిపోతుంది. ఎనిమిదేళ్ళ మా బాబు గవ్వలు వరుసగా పేర్చాడు. పాప గవ్వలు కొన్ని గవ్వల్లా లేవు, చెవుల్లా ఉన్నాయి. వాటినీ వేయించి పాకం పట్టాము. తాను చేసినవి ఏవో అది గుర్తుపట్టి అందరికీ తినిపించింది.

మా ఇంటికి మూడిళ్ళ అవతల ఒక కుటుంబం ఉంది. ఆ ఇంటాయన కొబ్బరి దింపు తీసే పనివాడు. ఆగస్టు నెలలో చెట్టు మీదనుండి పడి మరణించాడు. మా ఊళ్ళలో మరణము సంభవించిన ఇంట ఆ ఏడు పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో, పండుగనాడు ఏమీ సిద్ధపరచుకోని వారికి వంతులు పంపమన్న సంగతి మనకు తెలుసు. దాని మీద మేము ప్రసంగాలు కూడా చేశాము. అయినా ఆ రోజు ముందుగా డబ్బా తీసింది మా బాబు. "వాళ్ళింట్లో చేసుకోరంట కదమ్మా" అని అరిసెలు, గవ్వలు సర్ది తల్లి చేతికిచ్చాడు. ఆ ఇంటి పిల్లలిద్దరినీ మాతో పంపమని ఆ తల్లిని అడిగాము. ఆమె కాసేపు ఆలోచించి, "సాయంత్రం లోపు తీసుకొచ్చేయండి అయ్యగారూ" అంది.

28వ తేదీ ఉదయం మంచు విడవకముందే ఆటోలో బయలుదేరాము. పులిహోర, పెరుగన్నం, చక్కెరకేళి అరటిపండ్లు, నీళ్ళ క్యాను, అరిసెల డబ్బా మా సామాను. రావులపాలెం మీదుగా ఆత్రేయపురం చేరేసరికి ఎండ పొడ వచ్చింది. ఈ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ఇంటి అరుగు దగ్గర ఆగి, చూడవచ్చా అని అడిగితే లోపలికి రమ్మన్నారు. బోర్లించినట్టున్న కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యం పిండిని పాలలా పలచగా కలిపి, అందులో గుడ్డ ముంచి కాలిన కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే చాలు, కాగితం కన్నా పలచని రేకు లేస్తుంది. ఆ రేకులలో నెయ్యి, బెల్లంపొడి వేసి మడుస్తారు. "ఇదీ బియ్యమేనా?" అని పాప ఆశ్చర్యపోయింది. అరిసె బియ్యమే, పూతరేకు బియ్యమే, పులిహోర బియ్యమే. "ఇంత బియ్యం ఎక్కడిది?" అని బాబు అడిగాడు. దాని జవాబు ముందున్న ఊళ్ళో చూపిస్తామన్నాము.

బొబ్బర్లంక దాటి బ్యారేజీ ఎక్కగానే పిల్లలు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముప్పై దాటాక తలా ఒక లెక్క చెప్పి పోట్లాడుకున్నారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలలో కలిపి 175 గేట్లు ఉన్నాయి. బ్యారేజీ మీద వాహనాల రద్దీ ఎక్కువ కనుక పిల్లలతో అక్కడ దిగకుండా ధవళేశ్వరం వైపు వెళ్ళి ఆగాము.

కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, నాటి పనిముట్లు ఉన్నాయి. 1833 ప్రాంతంలో కరువు, 1839లో ఉప్పెన ఈ సీమను పాడుచేశాయి. గోదావరి నిండుగా పారుతూ సముద్రంలో కలిసేది, పొలాలు మాత్రం ఎండేవి. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆయనకు అండగా పనిచేసిన తెలుగువాడు వీణెం వీరన్న. రాయి ధవళేశ్వరం కొండనుండే తీశారు. ఆ పాత ఆనకట్టకు బదులుగా కట్టిన నేటి బ్యారేజీ 1982లో పూర్తయింది. ఇక్కడినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలలో పారే నీరు సుమారు 10 లక్షల ఎకరాలను తడుపుతోంది. "మన అరిసెల బియ్యం ఈ నీళ్ళతో పండినదే" అని చెప్పాము. బాబు చేతిలోని అరిసె వంక ఒకసారి, నది వంక ఒకసారి చూశాడు.

చెట్ల నీడన భోజనాలు ముగించి, తిరుగు దారిలో బొబ్బర్లంక దగ్గర నీటికి దూరంగా ఉన్న ఇసుక తిన్నె మీద పిల్లలను ఆడుకోనిచ్చాము. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఇసుక తవ్విన గుంటలలో నీరు నిలిచి ఉంటుంది. పైకి మోకాటి లోతులా కనిపించినా ఒక్కసారిగా లోతు ఉంటుంది. మా బాబు బంతి వెంట అటువంటి గుంట అంచు వరకు పరుగెత్తాడు. కేక వేసి పట్టుకొనేసరికి మా గుండెలు చేతిలోకి వచ్చాయి. ఆ తరువాత మేమిద్దరమూ నీటి వైపు కూర్చుని, పిల్లలను మాకు ఇవతలే ఉంచాము. నది దగ్గర పెద్దల చూపు ఒక్క క్షణమైనా మరలకూడదు.

పిల్లలు పాదం మీద తడి ఇసుక పోసి, తట్టి, మెల్లగా పాదం లాగి పిచ్చుక గూళ్ళు కట్టారు. తండ్రిని పోగొట్టుకున్న ఆ పెద్ద పిల్లవాడు ఉదయంనుండి అడిగినదానికి తల ఊపడమే గాని మాట్లాడలేదు. మా పాప గూడు మాటిమాటికీ కూలిపోతుంటే దాని పక్కన చేరి, "గట్టిగా కొట్టకూడదు. మా నాన్న ఇలా నిమిరేవాడు" అని చేసి చూపించాడు. ఆగస్టు తరువాత వాడి నోట తండ్రి మాట మేము వినడం అదే మొదటిసారి. మేము ఏ ఓదార్పు మాటా చెప్పలేదు. వాడి పక్కన కూర్చుని మేమూ ఒక గూడు కట్టాము.

చీకటి పడకముందే ఇల్లు చేరాము. ఆ తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. పిల్లవాడు దిగుతూనే గేట్ల సంగతి చెబుతూ లోపలికి వెళ్ళాడు. మా పాప ఆటోలోనే మా ఒడిలో నిద్రపోయింది. దాని గౌను జేబులో ఇసుక, సగం కొరికిన గవ్వ ఉన్నాయి.

ప్రియ తల్లిదండ్రులారా, పొలం పని, కూలి పని, దుకాణం, సేవ, ఏదైనా కానివ్వండి, పని ఎన్నటికీ అయిపోదు. దూరం వెళ్ళనక్కరలేదు. మీ ఊరి చెరువు గట్టు చాలు, మామిడితోట చాలు. కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం చాలు. అరిసె విరిగినా పరవాలేదు. ఇంట చేసినదానిలో పిల్లల చేయి ఉండనివ్వండి, పొరుగింటి వంతు ఉండనివ్వండి. మేము ఆ ఒక్కరోజు కోసం మూడేళ్ళు ఆగాము. మీరు ఆగకండి.